స్తంభం లేపే ముందు పైకి చూడండి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, “మీరు అమెరికా వెళ్ళొచ్చారు కదా, ఆ విశేషాలు ఓ ఇరవై నిమిషాలు చెప్పండి” అన్నారు. అమెరికా విశేషాలు చెప్పడానికి మన సంఘంలో నాకంటె అనుభవజ్ఞులు చాలామంది ఉన్నారు. నయాగరా జలపాతం ముందు నిలబడి తీయించుకున్న ఫొటో లేని ఇల్లు మనలో తక్కువే. అందుకని నేను జలపాతం జోలికి పోను. అక్కడ నేను చేసిన ఒక పని గురించి చెబుతాను. 1973లో హెల్పరుగా చేరి, 2008లో లైన్ ఇన్‌స్పెక్టరుగా దిగిపోయేదాకా ముప్పై అయిదేళ్ళు స్తంభాలు పాతించినవాణ్ణి నేను. డెబ్బై మూడేళ్ళ వయసులో అమెరికా వెళ్ళి మళ్ళీ స్తంభమే నిలబెట్టాను. కాకపోతే ఈసారి అది కరెంటు స్తంభం కాదు, తెరచాప పడవ స్తంభం.

2023 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి అట్లాంటా వెళ్ళాం. ఆ ఊరికి ఈశాన్యాన లేక్ లేనియర్ అని పెద్ద జలాశయం ఉంది. చాటహూచీ నది మీద బ్యూఫోర్డ్ డ్యాం కట్టడంతో ఏర్పడింది. ఆ డ్యాం 1956లో పూర్తయింది. అంటే మన నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిన మరుసటి ఏడన్నమాట. నిండితే నీటి విస్తీర్ణం ముప్పై ఎనిమిది వేల ఎకరాలు. డ్యాం దగ్గర జలవిద్యుత్ కేంద్రం కూడా ఉంది కనుక, అది నాకు చుట్టాల ఊరులాగే అనిపించింది. 1996 ఒలింపిక్స్‌లో తెడ్ల పడవల పోటీలు ఈ చెరువులోనే జరిగాయి.

మా అల్లుడుగారికి ఆ ఏడు తెరచాప పడవ మీద మనసు పోయింది. పాతది ఒకటి కొన్నారు. కాటలినా 22 అంటారు. 1970 ప్రాంతంలో మొదలుపెట్టి పదిహేను వేలకు పైగా తయారుచేసిన పడవ అది. పొడవు ఇరవై ఒకటిన్నర అడుగులు. నలుగురు కూర్చోవచ్చు, చిన్న గది కూడా ఉంటుంది. దాని ప్రత్యేకత ఏమిటంటే ట్రెయిలరు మీద పెట్టుకుని కారు వెనకాల లాక్కుపోవచ్చు. అలా లాక్కుపోవాలంటే స్తంభం పడుకోబెట్టాలి, నీళ్ళ దగ్గరికి వెళ్ళాక లేపాలి. ఆ స్తంభం ఇరవై అయిదు అడుగుల అల్యూమినియం గొట్టం. గొట్టమైనా సరే, మన భాషలో తెరచాప కొయ్యే.

నాకు ఈ పని కొత్త కాదండీ. మా చిన్నతనంలో మా ఊరి కాలవలో తెరచాప పడవలు తిరిగేవి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలవలన్నీ సాగుకే కాదు, రాకపోకలకూ పనికొచ్చేవి. మా ఊరి వంతెన దగ్గరికి పడవ రాగానే సరంగు కేక వేసేవాడు. ఇద్దరు మనుషులు మోకు సడలించి, కొయ్యను నెమ్మదిగా వెనక్కు వాల్చేవారు. వంతెన దాటగానే మళ్ళీ లేపేవారు. మేం పిల్లలం వంతెన మీద బోర్లా పడుకుని చూసేవాళ్ళం. ఆ సరంగు ఎప్పుడూ పడవను చూసేవాడు కాదు, పైకే చూసేవాడు.

సరే, పడవ తెచ్చే సంగతి ముందు చెబుతాను. అమ్మినాయన ఊరు అరవై మైళ్ళు. స్తంభాన్ని పడవ మీదే పొడవునా పడుకోబెట్టి తీసుకురావాలి. స్తంభం మొదట్లో ఒక కీలు ఉంటుంది, పడవ గది కప్పు మీద బిగించి. ప్రయాణానికి ఆ కీలు మేకు ఊడదీసి, స్తంభాన్ని ముందుకు జరిపి, రెండు వైపులా సమంగా పొడుచుకొచ్చేట్టు పెట్టాలి. ముందొక ఆనిక, వెనకొక పంగ, మధ్యలో మరొకటి. మూడుచోట్ల ఆనిక లేకపోతే గతుకుల్లో స్తంభం ఊగి ఊగి వంగిపోతుంది. అల్యూమినియం ఒకసారి వంగిందంటే మళ్ళీ తిన్నగా రాదు. మన కండక్టరు తీగ మెలిక పడితే ఏమవుతుందో మీకు తెలుసు కదా, ఇదీ అంతే.

తరవాత తీగలు. స్తంభాన్ని పట్టి ఉంచడానికి ముందొకటి, వెనకొకటి, పక్కలకు మూడేసి చొప్పున స్టెయిన్‌లెస్ స్టీలు స్టే వైర్లుంటాయి. వాటిని వదులుగా వదిలేస్తే దారి పొడవునా కొట్టుకుంటాయి, ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి. నేను మా అమ్మాయిని పాత పంచె ఒకటి అడిగి, పీలికలుగా చింపి, రెండేసి అడుగులకు ఒకచోట స్తంభానికి కలిపి కట్టాను. స్తంభం పడవకు ఆనేచోట పాత తువ్వాళ్ళు చుట్టాం. వెనక కొసకు ఎర్రగుడ్డ కట్టాం. బండి వెనక నాలుగడుగులు మించి ఏదైనా పొడుచుకొస్తే ఎర్రగుడ్డ కట్టాలని అక్కడా నియమం ఉంది. మనం ఎడ్లబండి మీద, ఆ తరవాత ట్రాక్టరు మీద స్తంభాలు తోలిన రోజుల్లో చేసిందీ ఇదే. పది మైళ్ళు పోయాక ఆపించి కట్లన్నీ తడిమి చూశాను. రెండు సడలాయి. కొత్త కట్టు మొదటి పది మైళ్ళలో తప్పకుండా సడలుతుంది. “మామయ్యగారూ, మీరు ఇంజనీరైతే బాగుండేది” అన్నారు అల్లుడుగారు. నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం రెండు రోజులే ఉంది.

శనివారం నేను స్నానం చేసి వచ్చేసరికి ఇంటి ముందు హడావిడిగా ఉంది. చెరువు దగ్గర నలుగురి ముందు తడబడకుండా, స్తంభం లేపడం ఇంటి దగ్గరే ఒకసారి సాధన చేద్దామని అల్లుడుగారూ, ఆయన స్నేహితుడూ నిశ్చయించారు. ట్రెయిలరు వాకిట్లోంచి వీధి అంచుకు తెచ్చి పెట్టారు. స్నేహితుడు పడవ వెనక నిలబడి స్తంభం కొసను భుజం మీదికి ఎత్తాడు. అల్లుడుగారు ముందు నిలబడి తాడు లాగుతున్నారు. మా మనవడు పడవను పట్టుకుని నిలబడ్డాడు. నేను గుమ్మంలోంచి అలవాటు ప్రకారం పైకి చూశాను.

వాళ్ళ వీధి పాతది. కొత్త కాలనీల్లోలాగా భూగర్భ కేబుళ్ళు కావు, చెక్క స్తంభాల మీద లైను. కింద లావుగా టెలిఫోను, కేబుల్ టీవీ తీగలు. వాటి పైన ఇళ్ళకిచ్చే తక్కువ వోల్టేజీ తీగ. స్తంభం నెత్తిన ఒక్క ఇన్సులేటరు మీద ఒంటరిగా ఒక సన్నని తీగ. పక్కనే డబ్బాలాంటి ట్రాన్స్‌ఫార్మరు. ఆ పై తీగ ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అక్కడ ఇళ్ళ వీధుల్లో ఎక్కువగా ఫేజుకూ భూమికీ మధ్య 7,200 వోల్టులుంటాయి. మన 11 కె.వి. లైనులో ఫేజుకూ భూమికీ మధ్య ఉండేది 6,350. అంటే మనదానికి అన్నగారే.

ఇక లెక్క వేసుకోండి. స్తంభం ఇరవై అయిదడుగులు. ట్రెయిలరు మీద పడవ, పడవ మీద గది కప్పు కలిపి నేలనుంచి ఆరేడు అడుగులు. మొత్తం ముప్పై ఒకటో, ముప్పై రెండో. ఆ లైను ఎత్తు నా కంటికి అంతకు అటూ ఇటూగా కనిపించింది. పక్కకు దూరం నాలుగైదు అడుగులుంటుందేమో. స్తంభం తిన్నగా నిలబడితే తప్పుతుంది, ఊగితే తప్పదు.

“ఆపండి! దించండి!” అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. స్నేహితుడు భయపడి స్తంభం దించేశాడు. అల్లుడుగారి ముఖం ఎర్రబడింది. “అవి కేబుల్ టీవీ వైర్లు మామయ్యగారూ, మీరు కంగారు పడకండి” అన్నారు. కింది తీగ ఏదో, పై తీగ ఏదో, దానికి తొడుగు ఎందుకు లేదో చూపించి చెప్పాను. ఆయన విన్నారు, మాట్లాడకుండా పడవను లోపలికి తోశారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. వంటింట్లో మా అమ్మాయి, “నాన్నా, చెబితే వింటారు కదా. అందరి ముందూ అలా కేక వెయ్యాలా?” అంది.

అప్పుడు వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పాను. ముప్పై ఏడేళ్ళుగా మా ఇంటావిడకు కూడా చెప్పని సంగతి. ఈ సభలో అది చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. చెప్పడానికే వచ్చాను.

1986 మే నెల. నేను అప్పుడు మెట్ట ప్రాంతంలో ఒక సెక్షనులో ఉన్నాను. ఒక రైతు పొలం మీదుగా వెళ్ళే 11 కె.వి. లైనులో ఒక స్తంభం కాస్త ఒరిగి, తీగ కిందికి జారింది. నేను చూశాను. డైరీలో రాసుకున్నాను కూడా, “స్పాను బిగించాలి” అని. మనుషులు తక్కువ, వేసవి, ఎక్కడ చూసినా ఫ్యూజు కాల్స్. సోమవారం చూద్దాంలే అనుకున్నాను. శనివారం ఆ పొలంలో బోరు మోటారు పాడైంది. కూలీలు గొట్టాలు పైకి లాగారు. బోరు గొట్టం ఇరవై అడుగులు. బయటికొచ్చిన గొట్టాన్ని నిలబెట్టి పక్కకు తిప్పుతుంటే అది తీగకు తగిలింది. ముగ్గురు పట్టుకున్నారు. ఇద్దరు ఎగిరి పడ్డారు. పందొమ్మిదేళ్ళ కుర్రాడు ఒకడు పోయాడు.

విచారణ జరిగింది. తీగ ఎత్తు కొలిచారు. పదిహేను అడుగుల మూడంగుళాలు. పొలాల్లో 11 కె.వి. లైనుకు అప్పటి నియమం 4.6 మీటర్లు, అంటే సుమారు పదిహేను అడుగులు. నియమం ప్రకారం సరిపోయింది. నా డైరీ ఎవరూ అడగలేదు. నేనూ చూపించలేదు.

అయ్యా, సాంకేతికంగా మాట్లాడితే, నేను స్పాను బిగించినా ఆ తీగ మహా అయితే రెండడుగులు పైకి పోయేది. ఇరవై అడుగుల గొట్టం అప్పటికీ తగిలేదే. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. కాని బిగించడానికి నేను ఆ పొలానికి వెళ్ళి ఉంటే ఆ రైతుతో మాట్లాడేవాణ్ణి. మోటారు పట్టి పట్టి తిరుగుతోందనీ, నాలుగు రోజుల్లో గొట్టాలు తీయించాలనీ అతను చెప్పేవాడు. “తీసేరోజు కబురు పెట్టు, ఏ.బి. స్విచ్ తీయించి లైన్ క్లియర్ ఇప్పిస్తాను” అని నేను చెప్పేవాణ్ణి. అదీ నేను చెయ్యని పని. తీగ బిగించకపోవడం కాదు, వెళ్ళకపోవడం.

చెప్పడం పూర్తయ్యాక మా అల్లుడుగారు చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆయన స్తంభం దగ్గర కూర్చుని దాని మొదలు గుడ్డతో తుడుస్తున్నారు. అక్కడ కరెంటు తీగల గురించి హెచ్చరిక చీటీ ఒకటి ఉంది. ఎండకు అక్షరాలు వెలిసిపోయాయి. ఆయన దాని మీద కొత్త టేపు అంటించి మా మనవడి చేత ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాయించారు. తెలుగులో రెండే మాటలు, “పైకి చూడు.” వాడికి వత్తులు సరిగా రావు గనక వత్తులు లేని మాటలే చెప్పాను.

ఆ తరవాత ఆదివారం చెరువుకు వెళ్ళాం. అక్కడ స్తంభాలు లేపుకోవడానికి విశాలమైన చోటు చూసుకున్నాం. ముందు నేనూ అల్లుడుగారూ నడుచుకుంటూ వెళ్ళి, మేం లేపే చోటునుంచి నీళ్ళదాకా దారిలో ఎక్కడైనా తీగ అడ్డంగా ఉందేమో చూశాం. లేపేచోట లేకపోయినా, లేపిన తరవాత లాక్కుపోయే దారిలో ఉంటే ప్రమాదం అదే. చెట్ల కొమ్మల మాటున ఉన్న తీగ అసలు కనిపించదు.

ఇప్పుడు లేపే పద్ధతి. ఇది మన డెరిక్ పోల్ పద్ధతే, కాస్త చిన్నది. పడుకున్న స్తంభం కొసకు తాడు కట్టి ముందునుంచి ఎంత లాగినా అది లేవదు. తాడు స్తంభం వెంబడే పడుకుని ఉంటుంది కనుక లాగుడంతా కీలును నొక్కడానికే సరిపోతుంది. అందుకే స్తంభం మొదట్లో, దానికి నిలువుగా, ఆరడుగుల జి.ఐ. పైపు ఒకటి నిలబెట్టాం. తెరచాప ఎత్తే తాడు పైపు కొసకు కట్టాం. పైపు కొసనుంచి పడవ ముక్కుకు నాలుగు వరసల కప్పీ తాడు. లాగితే పైపు ముందుకు వాలుతుంది, స్తంభం లేస్తుంది. మన పల్లెల్లో ఏతాం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

అల్లుడుగారు లెక్క అడిగితే కాగితం మీద వేసి చూపించాను. తీగలతో కలిపి స్తంభం బరువు సుమారు ఇరవై అయిదు కిలోలు అనుకుందాం. బరువు మధ్య బిందువు కీలుకు పన్నెండు అడుగుల దూరం. గుణిస్తే మూడు వందలు. పైపు ఆరడుగులు, పడవ ముక్కు కీలుకు ఎనిమిది అడుగులు, కనుక తాడుకూ కీలుకూ మధ్య లంబదూరం 4.8 అడుగులు. మూడు వందల్ని దానితో భాగిస్తే అరవై రెండున్నర కిలోల లాగుడు. నాలుగు వరసల కప్పీ ఉంది కనుక చేతికి వచ్చేది పదహారు కిలోలు, రాపిడికి ఇంకాస్త. పన్నెండేళ్ళ పిల్లవాడు లాగవచ్చు. పైగా ఈ బరువు మొదట్లోనే ఎక్కువ, స్తంభం లేచేకొద్దీ తగ్గుతుంది.

అసలు జాగ్రత్త పక్కలకు ఊగకుండా చూడటంలో ఉంది. పడవ పక్క తీగల కొక్కేలు కీలుకంటె కిందుగా ఉంటాయి. అందుచేత స్తంభం పూర్తిగా నిలబడితేగాని అవి బిగుసుకోవు. సగం లేచినప్పుడు వదులుగా ఉంటాయి. గాలి కొడితే స్తంభం పక్కకు ఒరుగుతుంది, కీలు విరుగుతుంది. దీనికి మందు మనకు తెలిసిందే, రెండు పక్కలా గై తాళ్ళు. కాని ఆ తాళ్ళ మొదళ్ళు కీలు ఇరుసుకు సరిగ్గా వరసలో, అదే ఎత్తులో ఉండాలి. అప్పుడే స్తంభం పడుకున్నా, లేచినా, తాడు పొడవు మారదు. పైపుకు కూడా అలాగే రెండు పక్కలా కట్టాం.

లేపుతున్నప్పుడు ఒక మనిషి తాడు దగ్గర, ఇంకొకడు ఏ పనీ చెయ్యకుండా ఊరికే చూడటానికి ఉండాలి. ఆ రెండోవాడు నేను. సగం లేచేసరికి “ఆపు” అన్నాను. పక్క తీగ బిగించే టర్న్ బకిల్ ఒకటి అడ్డంగా పడి ఇరుక్కుంది. అలాగే లాగి ఉంటే దాని మర వంగిపోయేది. అల్లుడుగారు తాడును కొక్కానికి ఒక చుట్టు చుట్టి పట్టుకున్నారు. మనవడు వెళ్ళి దాన్ని తిన్నగా చేశాడు. మళ్ళీ లాగాం. స్తంభం నిలబడింది. ముందు తీగ మేకు వేసి, దానికి పిన్ను పెట్టి, వంచి, చేత్తో కదిపి చూశాకనే కప్పీ తాడు వదిలాం. అంతా కలిసి నలభై నిమిషాలు. సాయంత్రం గాలికి చెరువు మీద ఒక గంట తిరిగాం. గట్టు మీద మా ఇంటావిడ కొంగు తల మీద కప్పుకుని కూర్చుని, మేం తిరిగి వచ్చేదాకా మమ్మల్నే చూస్తూ ఉంది.

అయ్యా, మీరెవరూ తెరచాప పడవ కొనరని నాకు తెలుసు. అయినా ఇదంతా ఎందుకు చెప్పానంటే, పడవ స్తంభం లాంటివి మన ఇళ్ళ చుట్టూ బోలెడున్నాయి. మామిడికాయలు కోసే అల్యూమినియం కర్ర, సున్నం వేసేవాడి ఇనుప నిచ్చెన, పెళ్ళి పందిరి గొట్టం, బోరు గొట్టం, జెండా పైపు, ఊరేగింపులో ఎత్తయిన ప్రభ. అమెరికాలో తెరచాప పడవలు తిరిగే చెరువుల మీద లైన్లు మరింత ఎత్తున ఉండాలని నియమం ఉంది. హోబీ 16 అనే జంట పడవకు స్తంభం పై ముక్క కరెంటు పారని ఫైబరుతో చేస్తారు. మన మామిడి కర్రకు అలాంటిదేమీ లేదు. ట్రెయిలరుకు రబ్బరు చక్రాలున్నాయి కదా అనే ధైర్యం కూడా పనికిరాదు. తగిలిన బండి మీద ఉన్నవాడు కదలకుండా అక్కడే ఉండాలి, కిందివాడు ముట్టుకోకూడదు, సరఫరా ఆపించాలి. నిప్పు అంటుకుని దిగక తప్పకపోతే రెండు కాళ్ళూ కలిపి దూకి, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా, పాదాలు ఎత్తకుండా జరుగుతూ దూరం పోవాలి. లైను కిందికి జారినట్టు కనిపిస్తే 1912కు ఫోను చెయ్యండి. మనం దిగిపోయినా మన కళ్ళు దిగిపోలేదు.

ఇంకొక్క మాట. ఆ 1986 డైరీ ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. మీలో చాలామంది దగ్గర అలాంటి డైరీలుంటాయి. అలాంటి పేజీ కూడా ఒకటి ఉండవచ్చు. అది విచారణ అధికారికి చూపించే కాలం దాటిపోయింది. మీ అల్లుడికో, కొడుక్కో, మీ వీధిలో కొత్తగా వచ్చిన జూనియర్ లైన్‌మన్ కుర్రాడికో చూపించండి. నేను ముప్పై ఏడేళ్ళు ఆలస్యంగా చూపించాను. అయినా మా మనవడు ఇప్పుడు జెండా కర్ర ఎత్తినా సరే, ముందు పైకి చూస్తున్నాడట. మా అమ్మాయి ఫోనులో చెప్పింది.